లాకులవారి అమ్మాయి డ్రిల్లు కొన్న వైనం

ఆ రోజుల్లో బెజవాడలో అద్దెకి వాటా దొరకాలంటే కొంత అదృష్టమూ, కొంత నటనా కావాలి. ఇంటివాళ్ళు అడిగే ప్రశ్నలన్నిటికీ తల వంచుకుని జవాబు చెప్పాలి. చుట్టాలు ఎక్కువా, రేడియో గట్టిగా పెడతారా, నీళ్ళు దుబారా చేస్తారా, ఇలా అన్నీ అయ్యాక, చిట్టచివర గొంతు తగ్గించి ఒక మాట అనేవారు. "గోడకి మేకు మాత్రం కొట్టకూడదమ్మా." మిగతా షరతుల దగ్గర కాస్త బతిమాలుకోవడానికి వీలుండేది గానీ ఈ ఒక్కదాని దగ్గర ఉండేది కాదు. కాబట్టి ఊళ్ళో అద్దెకున్నవాళ్ళందరమూ మాకు ముందున్నవాళ్ళు ఎప్పుడో, ఏ ధైర్యంతోనో కొట్టి వెళ్ళిన మేకులతోనే సంసారాలు చేసేవాళ్ళం. మా వాటాలో మాకు ముందున్నాయన బాగా పొడగరి అయి ఉండాలి. ఆయన అద్దం మేకు ఎంత ఎత్తున ఉండేదంటే నేను పీట ఎక్కి పాపిడి తీసుకునేదాన్ని. క్యాలెండరు మేకేమో తలుపు వెనక. తేదీ చూడాలంటే తలుపు మూయాలి, మూస్తే చీకటి, చీకట్లో తేదీ కనబడదు. (అందుకని మేము తేదీలు పక్కింటివాళ్ళని అడిగేవాళ్ళం.)

భవానీపురంలో మాది రెండు గదుల వాటా. ముందుగది, దాని వెనక కిటికీ లేని మధ్యగది, ఆ వెనక వసారాలో వంట. మధ్యగదిలో పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. ఇంటావిడని పిన్నిగారూ అని పిలిచేవాళ్ళం. ఆవిడది దివిసీమ వైపు వ్యవసాయ కుటుంబం. ఇల్లు కట్టేటప్పుడు గొడుగు వేసుకుని నిలబడి ప్రతి ఇటుకా తన కళ్ళముందే తడిపించి పెట్టించిందట. అందుకే ఎవరైనా ఆ గోడకి ఆనుకుని కూర్చున్నా ఆవిడకి ఎక్కడో నొప్పెట్టేది. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కొత్తగా చేరిన ఆపరేటర్ని. మావారు కాలేజీలో ఫిజిక్స్ డెమాన్‌స్ట్రేటరు. ఏ వస్తువునైనా ముట్టుకునే ముందు దాని గురించి పూర్తిగా చదవడం ఆయన అలవాటు. చదవకముందే ముట్టుకోవడం నా అలవాటు. పెళ్ళిలో అందరూ మమ్మల్ని చూసి ఈడూ జోడూ కుదిరిందన్నారు గానీ, ఈ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

మా నాన్న కాలవ లాకుల మీద సూపరింటెండెంటు. పడవలు దిగువకీ ఎగువకీ పోయేందుకు తలుపులు తీయించడం, మూయించడం, వాటి గేర్లకి గ్రీజు పెట్టించడం ఆయన ఉద్యోగం. లాకుల పక్కనే ప్రభుత్వం వారి క్వార్టర్సు, ఆ క్వార్టర్సు హాల్లో పొడుగాటి లోలకంతో ఒక గోడగడియారం. మా అమ్మ పోయేదాకా దానికి కీ ఇవ్వడం అమ్మ పని, ఆ తర్వాత నా పని. నాన్న రిటైరై గుడివాడలో అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతూ ఆ గడియారాన్ని దుప్పట్లో చుట్టి, బస్సు టాపు మీద వేయించి నాకు పంపించాడు. దాంతోపాటు కండక్టరు చేత ఒక కబురు కూడా పంపించాడు. వచ్చే నెల మొదటి ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి వస్తాననీ, అప్పటికి గడియారం నడుస్తూ ఉండాలనీ, మా ఇంట్లో దానికి చోటు కుదరకపోతే మొహమాటపడవద్దనీ, తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళి అన్నయ్యకి ఇచ్చేస్తాననీ ఆ కబురు సారాంశం. లోలకం గడియారం నిటారుగా గోడకి వేలాడితే తప్ప నడవదు. ట్రంకు పెట్టె మీద పడుకోబెడితే చెక్కముక్కే. అది గుడివాడ వెళ్ళిపోతుందన్న ఆలోచనకే నాకు ఏడుపొచ్చింది. వదిన మంచిదే గానీ, అమ్మ గడియారానికి ఆవిడ కీ ఇవ్వడం నేను ఊహించుకోలేకపోయాను.

మేకు కొట్టకూడదు, గడియారం గోడెక్కాలి. రెండు రోజులు ఆలోచించి పిన్నిగారి దగ్గరికి వెళ్ళాను. మేకంటే ఆవిడకి ఎందుకంత కోపమో వినయంగా అడిగాను. "మేకు మీద నాకేం కోపమమ్మాయ్? కొడితే గోడ అదురుద్ది, పెచ్చులూడతాయి. బాధంతా కొట్టడంతోనే," అంది ఆవిడ. "మరి కొట్టకుండా పెట్టుకుంటే?" అన్నాను. "కొట్టకుండా ఎట్లా దిగుద్ది?" అంది. కరెంటు మిషనుతో మెత్తగా చిల్లు పెట్టుకుంటామన్నాను. ఆవిడ కాసేపు నన్నూ, గోడనీ మార్చి మార్చి చూసి, కొట్టనంతవరకూ తనకేం అభ్యంతరం లేదంది. నేను గెలిచానని అనుకున్నాను. (ఏ లాయరూ తన కేసు ఇంత తేలిగ్గా గెలిచి ఉండడు. అప్పుడే అనుమానం రావాల్సింది.)

అసలు మిషను కొనే ధైర్యం నాకెలా వచ్చిందో కూడా చెప్పాలి. నేను లాకుల్లో పెరిగినదాన్ని. స్పానర్లూ, రెంచీలూ, గొలుసులూ, గ్రీజు డబ్బాల మధ్య ఆడుకున్నదాన్ని. ఆ సంగతి పెళ్ళయిన మొదటి వారంలోనే మావారికి చెప్పాను, ఆ తర్వాత కూడా సందర్భం వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉన్నాను. ఆయన ఫ్యూజు వైరు మార్చడానికి తడబడుతుంటే, "లేవండి, నేను లాకులవారి అమ్మాయిని," అనేదాన్ని. ఆయనకి చెప్పని చిన్న వివరం ఒకటుంది. ఆ లాకుల్లో ఉన్నన్నేళ్ళూ నాన్న నా చేతికి ఒక్క పనిముట్టు కూడా ఇవ్వలేదు. గేర్ల పెట్టెలో ఎప్పుడూ చీకటే కాబట్టి, ఆయన లోపలికి వంగి పనిచేస్తుంటే నేను పక్కన టార్చిలైటు పట్టుకునేదాన్ని. "లైటు కదలనివ్వకమ్మా," అనేవాడు. "అట్లాగే నాన్నా," అనేదాన్ని. యంత్రాల గురించి నాకున్న అనుభవం మొత్తం అంతే.

గవర్నర్‌పేటలో పనిముట్ల కొట్టు ఒకటి చూసుకుని, ఆ ఏడాదికి కొత్త చీర మానుకుని, సాయంత్రం డ్యూటీ దిగాక మావారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. డ్రిల్లింగ్ మిషను కావాలన్నాను. కొట్టాయన మావారిని చూసి, "వర్క్‌షాపుకాండీ?" అన్నాడు. ఇంటికి అన్నాను. ఆయన మళ్ళీ మావారినే చూసి, "ఇంటికి ఎవరూ కొనరండీ, వడ్రంగులు కూడా ఇంకా చేతి బరమానే వాడుతున్నారు," అన్నాడు. మావారు టిఫిన్ క్యారియరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, "నన్నడక్కండి, ఆవిడ లాకులవారి అమ్మాయి," అన్నారు. కొట్టాయనకి ఏం అర్థమైందో గానీ అప్పటినుంచి నాతోనే మాట్లాడాడు. ముందు అరంగుళం మిషను తీసి బల్లమీద పెట్టాడు. రెండు వైపులా పిడులు, చూడ్డానికి చిన్న దూడంత ఉంది. దాన్ని ఎత్తబోయాను. ఎత్తలేకపోయానని తెలియనివ్వకుండా, దాని అడుగు భాగం పరిశీలిస్తున్నట్టు కాసేపు వంగి నిలబడి, "ఇంట్లోకి ఇంత పవరు ఎందుకులెండి," అన్నాను. పావంగుళం మిషను ముద్దుగా, ఒక చేత్తో పట్టుకోగలిగేట్టుగా ఉంది. స్విచ్చి నొక్కి చూపించమన్నాను. అది గుర్రుమంది. నా మనసు నిండిపోయింది.

ఇక మిషను మూతికి బిగించే బిట్లు. కొట్టాయన ఒక రేకు డబ్బా మూత తీశాడు. లోపల సన్నదాని దగ్గర్నుంచి లావుదాకా వరసగా, ఫొటోకి నిలబడ్డ స్కూలు పిల్లల్లా ధగధగ మెరుస్తున్న స్టీలు బిట్లు. వాటిని చూశాక ఇక దేన్నీ చూడాలనిపించలేదు. ఆయన మాటవరసకి, గోడకైతే వేరేది ఉంటుందండీ అంటూ, బూడిదరంగులో మొద్దు మూతితో ఉన్న బిట్టొకటి తీసి పక్కన పెట్టాడు. నేను దాన్ని ఎంత చులకనగా చూశానో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇవి దేనికని డబ్బా చూపించి అడిగితే ఇనుముకండీ అన్నాడు. "ఇనుముని తొలిచేది ఇటుకని తొలవదా?" అన్నాను. ఇంత చక్కటి తర్కానికి ఎవరు మాత్రం ఏం జవాబు చెబుతారు. ఆయన మీ ఇష్టం అన్నాడు, మావారు నిజమే కదా అన్నారు. (ఫిజిక్స్ చదివిన మనిషి. ఆ రోజు తప్పు నా ఒక్కదానిదే కాదని నేను ఇప్పటికీ వాదిస్తాను.) సామాను కట్టేశాక, కూరగాయల దగ్గర అలవాటైన నోరు కదా, కొసరేమీ లేదా అని అడిగాను. పనిముట్ల కొట్లో కొసరు అడిగినవాళ్ళు నాకు ముందు ఎవరూ లేరనుకుంటాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఎవరూ కొనని ఆ మొద్దు మూతి బిట్టుని తీసి సంచిలో పడేశాడు. దాన్ని నేను ఇంటికెళ్ళగానే సంచిలోనే వదిలేసి, సంచి మేకుకి తగిలించాను. (ఆ మేకు కూడా పొడుగాయనదే.)

నాన్న వచ్చే ముందటి శనివారం మధ్యాహ్నం ముహూర్తం పెట్టాను. గడియారం మధ్యగదిలో ఉండాలని నా కోరిక, ఎక్కడ కూర్చున్నా వినబడుతుందని. అయితే మా వాటాకి ప్లగ్గు పాయింట్లు లేవు. ఇస్త్రీపెట్టె అయినా, ఇంకేదైనా, బల్బు విప్పేసి ఆ హోల్డరుకి తగిలించుకోవడమే అప్పటి పద్ధతి. మిషను తగిలించాలంటే బల్బు తీయాలి. బల్బు తీస్తే ఆ గదిలో గోడ ఉందో లేదో తెలియదు. మావారు ముందుగది వెలుతురులో కూర్చుని మిషనుతో ఇచ్చిన పుస్తకం చదువుతూ, "నేనింకా నాలుగో పేజీలో ఉన్నాను, కాస్త ఆగు," అన్నారు. నేను స్టూలెక్కి చీకట్లో గోడని తడిమి, మిషను ఆనించి, స్విచ్చి నొక్కాను.

మెత్తగా అని పిన్నిగారికి మాట ఇచ్చాను గదా. ఆ మిషను పెట్టిన కేకకి వీధిలో కుక్కలు లేచి నిలబడ్డాయట. పైపూత దాకా బాగానే దిగింది, నా గుండె గర్వంతో ఉప్పొంగింది. ఆ తర్వాత ఇటుక దగ్గర ఆగిపోయింది. నేను ఆగలేదు. బరువంతా వేసి నొక్కాను. కాలుతున్న వాసన వచ్చింది. తీసి వెలుతుర్లో చూస్తే బిట్టు మూతి నీలంగా మారి, నున్నగా అరిగిపోయి ఉంది. దానికంటే లావుది పెట్టాను. అదీ అంతే. అలా డబ్బాలోని ఆ స్టీలు పిల్లలందరూ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి మొహాలు మాడ్చుకుని వచ్చారు. గోడలో చిల్లు లేదు గానీ, అదిరి అదిరి పెచ్చులూడి, గారెల పిండి ముద్ద పట్టేటంత గుంత ఒకటి పడింది. తలెత్తి చూస్తే గుమ్మంలో పిన్నిగారు.

"కొట్టలేదు పిన్నిగారూ," అన్నాను, తలనిండా సున్నంతో. ఆవిడ దగ్గరికొచ్చి గుంతని వేళ్ళతో తడిమింది. "కొట్టలేదు. నిజమే. నేను విన్నాను," అంది. తిడితే బాగుండేదనిపించింది. ఆవిడ వెళ్ళేటప్పుడు నింపాదిగా, షరతు ఇకనుంచీ కొంచెం మారిందనీ, మేకూ వద్దు, మిషనూ వద్దనీ చెప్పి వెళ్ళింది.

ఆదివారం పొద్దున గుంత మీదికి క్యాలెండరు ఒకటి ఎక్కించాను. మేకు లేదు కాబట్టి నాలుగు మూలలా మెతుకులు రాసి అంటించాను. చర్చి అయ్యాక నాన్న వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు, అల్లుడుగారిని కులాసా అడిగాడు, మధ్యగదిలో ట్రంకు పెట్టె మీద దుప్పటి కప్పుకుని పడుకున్న గడియారాన్ని చూశాడు. ఏమీ అడగలేదు. మా నాన్న అడగకపోతేనే భయం. అక్కడే చాపలు వేసి వడ్డించాను. ఆయన చేతులు జోడించి ప్రార్థన మొదలుపెట్టాడు. నాన్న భోజనం ముందు చేసే ప్రార్థన పొట్టిగా ఉండదు. కృష్ణా కాలవల మీద ఉన్న అన్ని ఊళ్ళనీ, అందులో ఉన్న చుట్టాలందరినీ పేరుపేరునా దీవించి గానీ అన్నం దగ్గరికి రాడు. ఆయన ఇంకా ఉయ్యూరులో ఉండగా చిన్నగా పర్రుమని చప్పుడైంది. ఒక కన్ను తెరిచి చూశాను. క్యాలెండరు పైమూల ఊడింది. గుడివాడ చేరేసరికి రెండో మూల ఊడింది. 'ఈ ఇంటి గోడల మధ్య శాంతి సమాధానములు నిలుచును గాక' అని ఆయన ముగిస్తుండగా మొత్తం క్యాలెండరు జారి పప్పుగిన్నె పక్కన పడింది. ఆమెన్ అన్నాక నాన్న కళ్ళు తెరిచి, ముందు క్యాలెండర్నీ, తర్వాత గోడనీ, ఆఖర్న నన్నూ చూశాడు. మావారు మాత్రం ఇంకా కళ్ళు తెరవలేదు.

అన్నాలయ్యాయి. చేయి కడుక్కుని వచ్చి నాన్న గుంతలో వేలు పెట్టి చూశాడు. మిషను చూపించమన్నాడు. మాడిన బిట్లన్నీ చాప మీద పరిచాను. ఒక్కొక్కటీ తీసి మూతి చూసి పక్కన పెట్టాడు. "ఇన్నేళ్ళు లాకుల్లో ఉన్నావు. ఇనుముకీ గోడకీ తేడా తెలియలేదమ్మా నీకు?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి అన్నాడు. నాకు మాత్రం పౌరుషం పొడుచుకొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

"మీరెప్పుడైనా నా చేతికి ఒక్క స్పానరు ఇచ్చారా నాన్నా? లైటు పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. లైటు పట్టుకునేదానికి ఏం కనబడుద్ది, మీ వీపు తప్ప?" అన్నాను.

నాన్న మాడిన బిట్లన్నీ ఒక పక్కకి జరిపాడు. మావారు పైకప్పు కేసి చూస్తున్నారు. అప్పుడు నాన్న, ఈ మెరిసేవి కాక ఇంకేమీ కొనలేదా అన్నాడు. కొనలేదు గానీ కొసరుగా ఒకటిచ్చాడని, మేకుకి తగిలించిన సంచి దులిపాను. మొద్దు మూతి బిట్టు నేలమీద పడింది. నాన్న దాన్ని తీసి వెలుతుర్లో పట్టుకుని చూసి నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వు చూశాను. అల్లుడుగారిని పంపించి పిన్నిగారిని పిలిపించాడు. "చెల్లెమ్మా, మా అమ్మాయి మీ గోడ పాడుచేసింది. సిమెంటు తెప్పించి నేను పూడుస్తాను. దానికి ముందు ఒక్క చిల్లు పెట్టుకోనివ్వండి," అన్నాడు. పెద్దాయన అలా అడిగేసరికి ఆవిడ మెత్తబడింది. "కొట్టరుగా అన్నయ్యగారూ?" అని మాత్రం అంది.

నాన్న మిషనుకి బిట్టు బిగించాడు. ఆయన చేతులు వణకడం నేను అప్పుడే చూశాను. లాకుల్లో ఉన్నప్పుడు వణికేవి కావు, లేకపోతే వణుకుతున్నా ఎవరికీ చూపించేవాడు కాదేమో. బిగించిన మిషనుని ఒక నిమిషం చేతిలో బరువు చూసినట్టు చూసి, నా చేతికిచ్చాడు. "పట్టుకో. లైటు నేను పడతాను," అన్నాడు.

బల్బు విప్పాం. గది చీకటైపోయింది. నేను స్టూలెక్కాను, నాన్న పక్కన నిలబడి టార్చి వేశాడు. గుంతకి జానెడు పైన గుర్తు పెట్టుకున్నాను. వెలుగు గోడ మీద అటూ ఇటూ ఊగుతోంది. నాకు గుర్తు కనబడి మాయమవుతోంది. నోట్లోంచి అలవాటైన మాటలా వచ్చేసింది. "లైటు కదలనివ్వకండి నాన్నా."

"అట్లాగేనమ్మా," అన్నాడు. రెండో చెయ్యి కూడా వేసి టార్చిని గట్టిగా పట్టుకున్నాడు.

ఆ మొద్దు మూతి బిట్టు ఇటుకలోకి, వెన్నలోకి అనను గానీ, బుద్ధిగా దిగింది. ఎర్రటి పొడి నా చేతుల మీదుగా రాలింది. గుండ్రటి చిల్లు. నా జన్మలో అంత అందమైన చిల్లు మళ్ళీ చూడలేదు. అప్పుడు నాన్న జేబులోంచి కత్తి తీసి చెక్కముక్క ఒకటి బిరడాలా చెక్కి, ఇక దీన్ని లోపలికి కొట్టాలి, దాంట్లోకి స్క్రూ బిగించాలి అన్నాడు. కొట్టాలి అన్న మాటకి అందరం పిన్నిగారి కేసి చూశాం. ఆవిడ మా ముగ్గురినీ చూసి, దుప్పట్లోంచి బయటపడ్డ గడియారాన్ని చూసి, "పొయ్యిమీద పాలు పెట్టొచ్చాను," అంటూ గబగబా వెళ్ళిపోయింది. (ఆవిడ గేదె వట్టిపోయి అప్పటికి చాలా రోజులైంది.) నాన్న రెండే దెబ్బలు కొట్టాడు. గడియారం గోడెక్కింది. లోలకాన్ని వేలితో కదిపి, చెవి ఒగ్గి విని, కాస్త ఎడమకి జరిపించాడు, మళ్ళీ విన్నాడు. టిక్కూ టక్కూ సమానంగా వినబడేదాకా అలా నిలబడే ఉన్నాడు. తర్వాత కీ నా చేతిలో పెట్టాడు. గుడివాడ సంగతి ఇక ఎత్తలేదు. గడియారం పొడుగు కాబట్టి నా గుంత కూడా దాని వెనక దాక్కుంది. పూడుస్తానన్న మాట నాన్న మర్చిపోలేదు, వచ్చిన ప్రతిసారీ సిమెంటు అడిగేవాడు. పిన్నిగారే వద్దనేది. తర్వాత్తర్వాత ఆవిడ తన వాటాలో కర్టెన్లకీ, మనవడి ఉయ్యాలకీ నాచేత ఎన్ని చిల్లులు పెట్టించుకుందో లెక్కలేదు.

ఇప్పుడు ఆ గడియారం బెంజ్ సర్కిల్ దగ్గర మా అమ్మాయి కొనుక్కున్న ఫ్లాటుకి చేరింది. మొన్న దాన్ని గోడెక్కించడానికి వెళ్ళాను. మా అమ్మాయి బ్యాటరీ డ్రిల్లు తీసింది. వైరు లేదు, కేక లేదు, పైగా దాని మూతి కిందే చిన్న లైటు, ఎక్కడ చిల్లు పెడితే అక్కడే వెలుగుతుంది. నేను సెల్‌ఫోన్లో టార్చి వేసి పక్కన నిలబడ్డాను. "దీనికి లైటుంది మమ్మీ, నువ్వెళ్ళి కూర్చో," అంది. అవునవును అన్నాను గానీ కూర్చోలేదు. ఒకప్పుడు ఒక లాకులవారి అమ్మాయి, లైటు పట్టుకోవడమూ ఒక పనేనా అని ఉక్రోషపడిందని గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఈమధ్య నా చెయ్యి కూడా కాస్త వణుకుతోంది. మా అమ్మాయి గోడ మీద గుర్తు వెతుక్కుంటూ, నా వైపు చూడకుండానే, "కదపకు మమ్మీ," అంది. రెండో చెయ్యి కూడా వేసి పట్టుకున్నాను.